లో ఓల్టేజీ

ఫాతిమానగర్ వంతెన దిగినంక ఎడమచేతి సందుల
ఓదేలు దుకాణం.
బోర్డు మీద ఇంక 'రేడియో, టేపు, ఆంప్లిఫయర్' అనే ఉంటది.
టేపు మీద ఎవరో సున్నం కొట్టిన్రు.

బల్ల మీద నా డబ్బాలు రెండు.
ఒకటి వాల్వులది.
రైల్వే ఇన్‌స్టిట్యూట్ సామాన్లు అమ్మిననాడు
మా మేనమామ ఇన్నయ్య పదమూడు వందలకు పాడుకున్నడు.
ఆయన జన్మల పాడిన పాట అదొక్కటే.
లేపాలంటే ఇద్దరు కావాలె.
రెండోది ట్రాన్సిస్టర్లది,
హన్మకొండల వాయిదాల మీద కొన్న.
ఒంటిచేత్తోని పట్టుకొని ఆటో ఎక్కచ్చు.

"ఏది మంచిగ పలుకుతది, నువ్వే చెప్పు" అన్న.
ముప్పయ్యేండ్లు లోకోషెడ్డుల చేసి
ఎడమ చెవి ఇంజిన్లకు ఇచ్చినోడు ఓదేలు.
డబ్బా మీద అరచెయ్యి ఆనిచ్చి వింటడు.

వాల్వులది మీట వెయ్యంగనే పలుకదు.
ముందుగాల గాజుల లోపల
చుట్ట కొసకు నిప్పంత వెలుగు.
దుమ్ము కాలిన వాసన.
అటెన్క, పొద్దుగాల లేచిన మనిషి
గొంతు సవరించుకున్నట్టు ఒక గురగుర.
మెల్లగ మీటితే మెల్లగ అంటది.
గట్టిగ మీటితే చీరుకపోదు, బొంగురుపోతది,
కొత్త బట్ట అంచు నలిగినట్టు,
ఎక్కడ మొదలైందో చూపియ్యలేవు.

ట్రాన్సిస్టర్లది మీట వేస్తే మాట.
హద్దు దాక బాయినీళ్ల లెక్క సాఫు.
దాటినవా, కత్తెర పడ్డట్టు తెగుతది.
ఎండకాలం, వానకాలం ఒకటే గొంతు.
దాన్ని తప్పు పట్టెటందుకు ఏం లేదు,
అదే నాకు కష్టమైతది.

"వాల్వుది వెచ్చగుంటదంటరు గద?"
"చెయ్యి పెట్టు" అన్నడు.
పెట్టిన. కాలింది.
"గది వేడి. సంగీతమనుకుంటున్నవు."

అప్పుడు చెప్పిన ఆయనకు,
ఇంతవరకు ఎవ్వరికి చెప్పని ముచ్చట.

పదకొండేండ్ల కింద, ఫిబ్రవరి, మాత పండుగ రాత్రి.
యాసంగి నాట్లు.
ధర్మసాగరం దిక్కు కరెంటు వంతు వచ్చి
మోటర్లన్ని ఒక్కపారే నీళ్లందుకున్నయి.
పందిట్ల ట్యూబులైట్లు కొట్టుకొని కొట్టుకొని ఊకున్నయి.
బుగ్గలు గుమ్మడిపువ్వు రంగుకు దిగినయి.
కీబోర్డు మీద శౌరి చేతులెత్తిండు.
నా వాల్వుల డబ్బా ఆగలే,
కుంగింది.
తీగె మీటితే అర క్షణం ఆలోచించి
నడుము వంచి బస్తా ఎత్తుకున్నట్టు
ఆ స్వరాన్ని పైకి తెచ్చింది,
తెచ్చినంక ఇడువలే.
అసొంటి తియ్యటి బొంగురు
మళ్ల నా చెవిల పడలే.

ఎవ్వరు గమనించలే.
కొవ్వొత్తులు పట్టుకున్నోళ్లు నడుస్తనే ఉన్నరు.
ఒక పిల్ల చెవులు మూసుకున్నది.

ఇప్పుడు కరెంటు కుదురుకున్నది.
మీటరు ముల్లు రెండు వందల ముప్పై కాడ
సర్కారు నౌకరి దొరికినట్టు కూసున్నది.
నాకు ఆ రాత్రి కావాలె.
కావాలని ఎట్లంట?
ఆ వారంలనే, మాకు డ్రమ్ములు కొట్టే కొమురెల్లి
పొలం కాడ మోటరు కాలింది.
వైండింగుకు నాలుగువేలు నన్నే అడిగిండు.
ఇచ్చిన గాని, ఆ గొంతు ముచ్చట చెప్పలే.
ఆయన మడిల పారని నీళ్లే
నా తీగెల పారినయని ఎట్ల చెప్తం?

ఓదేలు ఏమనలే.
బల్ల కింద నుంచి డిమ్మర్‌స్టాట్ గుంజి
వాల్వులదాన్ని దానికి తగిలిచ్చిండు.
రెండు వందల పది. నూట తొంభై. నూట డెబ్భై.
"మీటు."
మీటిన.
"గిదేనా?"
"దగ్గర్కొచ్చింది."
"ఇంకెంత దూరం?"
చెప్పలేకపోయిన.
వంతెన కింద గూడ్సు పోతాంది,
రేకు డబ్బాల స్క్రూలు సన్నగ వణుకుతున్నయి.

ఆదివారం పూజకు ట్రాన్సిస్టర్లదే తీస్కపోయిన.
మంచిగనే పలికింది, ఫాదరు మెచ్చుకున్నడు.
వాల్వులది ఆయన కాడనే ఉన్నది.
ఒక కెపాసిటర్ మార్చాలె, తొందరేం లేదన్నడు.

నిన్న అటు దిక్కు పోతే
దుకాణం సగం మూసి ఉన్నది.
లోపల డబ్బా వెలుగుతాంది, గిటార్ లేదు, పాట లేదు,
నూట డెబ్భై కాడ ఉత్త గురగుర.
దాని మీద ఓదేలు చెయ్యి.