వరుస సంఖ్య ముప్పై ఒకటి

సల్మాబాద్ క్యాంపుల, పద్నాలుగో నంబరు రూముల
ఏసీ కారుడుకు బకెట్ పెట్టి
శుక్రవారం పొద్దంత నేను కాగితాలు చదివిన.

పోస్టుల రాలే ఆ కవరు.
సెలవు మీద పోయొచ్చిన బుచ్చిమల్లు
మామిడి తొక్కు సీస పక్కన పెట్టి తెచ్చిండు.
నూనె ఒక మూలకు అంటి, పాకి,
ఆఫీసు గుండ్రటి ముద్ర కాడ ఆగింది.

అడిగింది నేనే.
మూడు నెల్ల కింద, నబీ రసూల్ చెప్తుంటే రాసిన.
పొద్దుటూరాయన. నీళ్ల ట్యాంకర్ తోలుతడు.
చట్టం సెక్షన్లు ఆయనకు మనామా రోడ్ల లెక్క నోటికొచ్చు.
"ఆరు, ఒకటి కింద రాయి. బతిమాలొద్దు.
కోరుచున్నాను అను, సాలు.
మండలానికి ఐదు రూపాయల స్టాంపు."
ఐదు రూపాయలు.
ఈడ పాతిక ఫిల్సు. సగం కుబ్బూస్ రాదు.

అడిగింది కాలువ ముచ్చటే.
రాగట్ల కాలువ పూడిక తీసినమని
పచ్చ బోర్డు పాతిండ్రట. లసుమవ్వ ఫోన్ల చెప్పింది:
"బోర్డయితే ఉన్నది. కాలువనే దొరుకుతలేదు."

సూచిక. విషయం. తమరు కోరిన సమాచారము
ఇరువది రెండు పుటలలో జతపరచడమైనది.
మస్టర్ కాగితాలు. గళ్లు, టిక్కులు,
తేదీల మీద తేదీలు. వేలు పెట్టి
దిగుకుంట దిగుకుంట పోతే
ముప్పై ఒకటి కాడ
నేనున్న.

మ్యాకల ఓదెలు, తండ్రి పోశయ్య.
మేల, జూన్‌ల నలభై రెండు రోజులు తవ్విన.
రోజుకు రెండు వందల ముప్పై ఏడు.
తొమ్మిది వేల తొమ్మిది వందల యాభై నాలుగు రూపాయలు ముట్టినయి.
పక్కన బొటనవేలి నిషాని.

నాకు సంతకం వచ్చు.
పాస్‌పోర్టు కోసం జగిత్యాల బస్టాండుల కూసొని
సిగరెట్ డబ్బ అట్ట మీద దిద్దిన సంతకం.
ఆ మే నెల నేను సిత్రాల షట్టరింగు కట్టిన,
నాలుగో అంతస్తు, సముద్రం దిక్కు.

ముప్పై రెండు: సిలివేరి కొమురెల్లి.
నా పై మంచం.
ఫిబ్రవరిల ఛాతి పట్టుకొని దిగబోయిండు,
రెండో మెట్టు దాక రాలే.
సల్మానియా శవాల గదిల పందొమ్మిది రోజులున్నడు.
గుర్తుపట్టిన కాగితం మీద సంతకం నాదే.
మేల వాడు గూడ తవ్విండు నా పక్కన.
ఒక్క రోజు నాగా లేదు.

కోపం రాత్రికి వచ్చింది.
పగటీలి మాత్రం కుళ్లు పుట్టింది నాకు
ఆ కాగితపోని మీద.
ఆరేండ్ల సంది నాతోని కాంది వాడు చేసిండు.
ఊళ్లె ఉన్నడు.
గడ్డపార భుజాన వేసుకొని పోయిండు,
కొమురెల్లితోని బీడి పంచుకున్నడు,
కాళ్లు కడుక్కొని గడప ఎక్కిండు.

అప్పీలు రాసిన. పందొమ్మిది, ఒకటి.
పైసలు పడ్డ ఖాతా నంబరు.
కొలతల పుస్తకం నకలు.
సదరు కొమురెల్లి మరణము నమోదైన పిమ్మట
అతనికి హాజరు వేసినవారి పేరు, హోదా.
నాలుగో ప్రశ్న: ఆ నలభై రెండు సాయంత్రములు
సదరు ఓదెలు ఇంటికి పోయినాడా,
బిడ్డ ఎదురొచ్చినదా, తెలుపగలరు.

నబీ రసూల్ అద్దాలు ముక్కు మీదికి జరుపుకొని
రెండు సార్లు చదివిండు.
నాలుగోదాని మీద గీత గీసిండు.
"రికార్డులో ఉండేదే అడగల్ల, ఓదేలూ.
లేంది అడిగితే మొత్తం తోసేస్తారు."
జర సేపు ఆగి, ఆ గీత మీద ఇంకో గీత,
దాని మీద ఇంకోటి,
కింద అక్షరం కనబడనంత దాక.

సంతకం పెట్టిన, తండ్రి పేరుతోని సహ.
షట్టరింగు నూనె ఏ సబ్బుకూ పోదు.
కాగితం పట్టుకున్న కాడ, అంచు మీద
నా బొటనవేలు పడ్డది,
నల్లగ, ఒక్కొక్క గీత ఏర్పడంగ.
ఇంకో కాగితం తీయబోతే
ఆయన నా చెయ్యి పట్టుకున్నడు.
"ఉండనీ.
కింద రాయి, జతపరచినది: ఒకటి."