సుద్దగీతలు

కొలువులో చేరిన మొదటిరోజు
సిన్యోరా ఓర్సోలా నా పేరడగలేదు.
నా కోటు అంచుని రెండువేళ్ళతో ఎత్తి చూసి
"ఎవరు కుట్టారిది, కోపంలో ఉన్నప్పుడు?" అంది.
మా మేనత్త కుట్టింది. కోపంలోనే.
ఆవిడకెలా తెలిసిందో
మిలాన్‌లో ఎవరూ చెప్పలేకపోయారు.

మూడో అంతస్తు. లిఫ్టుంది గాని అది గౌన్ల కోసం,
మనుషులం మెట్లెక్కాలి.
ఎనిమిదింటికి కాఫీ, చక్కెర లేకుండా.
చక్కెర పొట్లం మాత్రం పక్కనే ఉండాలి.
పొద్దున్నే వద్దనడానికి ఏదో ఒకటి కావాలి కదా.

తెలుపు తెమ్మంటే తెచ్చాను.
ఇది దంతం, అంది. ఇది సున్నం. ఇది ఆస్పత్రి.
నాక్కావలసింది బియ్యం కడిగిన నీళ్ళు,
అదీ రెండోసారి కడిగినవి.
కాలువ పక్క బట్టలకొట్లన్నీ గాలించాను,
ట్రాములో నిలబడి నిద్రపోవడం నేర్చుకున్నాను.
పదకొండో రోజున దొరికింది.
కిటికీ దగ్గరికి తీసికెళ్ళి చూసి
"మనసు మారింది. నలుపు" అంది.

గుండీల గదిలో ఎర్మీనియా, ముప్పైయేళ్ళ సీనియర్,
నా చేతిలో బిస్కెట్టు పెట్టి చెప్పింది:
"ఆవిడ తిడితే నీ ఉద్యోగం పదిలం.
మెచ్చుకుందా, సంచీ సర్దుకో."

ఫిబ్రవరిలో, ప్రదర్శన ముందు రాత్రి
మరిచిపోయిన గొడుగు కోసం వెనక్కొచ్చాను.
ఒక్క దీపం.
సిన్యోరా చెప్పులు విప్పి, నేలమీద, మోకాళ్ళమీద,
పెదాల మధ్య గుండుసూదులు.
నేను పొద్దున కుట్టిన అంచు విప్పి మళ్ళీ కుడుతోంది.
తిట్టడానికి ఎవరూ లేని ఆ వేళ
గుడ్డని బతిమాలుతోంది,
మారాం చేసే పిల్లకి ముద్ద పెడుతున్నట్టు:
ఇంకొంచెం, ఇంకొక్కటి, ఇదిగో అయిపోయింది.
గొడుగు తీసుకోకుండానే తడుస్తూ పోయాను.

నేను కరిగిపోయాననుకుంటున్నారేమో.
లేదు. ఆ వారంలోనే నా భోజనం వేళ
ఒక కుక్కని క్షౌరానికి తీసికెళ్ళమంది.
ఆ కుక్క ఆవిడది కూడా కాదు.

ఏప్రిల్‌లో రాజీనామా రాశాను.
రెండు పేజీలు. కన్నీళ్ళతో అస్తరు వేసి,
చేతుల దగ్గర కుచ్చులు పెట్టి.
సాయంత్రానికి నా బల్లమీదికి తిరిగొచ్చింది
నీలం సుద్దగీతలతో:
ఇక్కడ వదులు. ఇక్కడ ఊపిరాడదు.
ఈ పేరా ఎవరిదో, నీ కొలతలు కావు.
ఈ కృతజ్ఞత బయటికి కనిపిస్తోంది, లోపలికి మడువు.

మళ్ళీ రాశాను. మళ్ళీ గీతలు.
ఎందుకు రాస్తున్నానో మరిచిపోయి,
బాగా రావాలని రాశాను.
నాలుగోసారికి మిగిలింది ఒక్క వాక్యం:
రేపట్నించి రాను.
కళ్ళద్దాలు నుదుటిమీదికి తోసి చాలాసేపు చూసింది.
"ఇప్పుడు ఒంటికి సరిపోయింది" అంది.

సంచీ సర్దుకున్నాను.

పోర్తా జెనోవా వెనక సందులో
ఇప్పుడు నాకో గది, రెండు మిషన్లు, కారే పైకప్పు.
నిన్న పని నేర్చుకోవడానికో అమ్మాయి వచ్చింది.
ముందు పేరడిగాను, గట్టిగా, మర్యాదగా.
తెక్లా, అంది.
అబద్ధమెందుకు,
నా కళ్ళు అప్పటికే ఆమె కోటు అంచు మీదున్నాయి.