లెక్కలో ఒకటి ఎక్కువ

రియోనీ నది ఒడ్డున, కొండ మలుపులో
మ్జేవినారి రొట్టెల కొట్టు.
నేలలో పాతిన మట్టి గాబు లాంటి పొయ్యి.
నడుము దాకా అందులోకి వంగి
పిండిని గోడకు చరిచి
ఊపిరి బిగబట్టి పైకి లేస్తుంది ముసలామె.
కనుబొమ్మలు ఎప్పుడో కాలిపోయాయి.
అందుకే, ఎవరిని చూసినా
మొదటిసారి చూస్తున్నట్టే ఉంటుంది.

నేను పనిలో చేరిన రోజు చెప్పింది:
"శనివారం అరవై ఒకటి."
అరవై అమ్మకానికి. ఆ ఒక్కటెందుకని అడిగితే
ఉప్పు తూచమంది.

తర్వాత ఊరు చెప్పింది.
గోడలకు చెవులున్న రోజుల్లో
వర్లాం అనే లెక్కల గుమాస్తా
ఒక కాగితం మీద నాలుగు పంక్తులు రాశాడట.
నాలుగో పంక్తిలో ఆమె పెనిమిటి పేరు.
రైలెక్కించిన మనిషి
ఏ మంచులో ఆగిపోయాడో కబురు లేదు.
వర్లాం మాత్రం ఎక్కడికీ పోలేదు,
పై వీధిలో, అదే నీలం తలుపు వెనక.

పశువుల కొట్టంలో రహస్యంగా
పాపాలు వినే ఫాదర్ ఇవానేతో
ఆమె ఒకే మాట ఒప్పుకుందట:
"వాణ్ణి చంపాలని ఉంది. రోజూ ఉంది."
ఆయన ఉపవాసం చెప్పలేదు,
మోకాళ్ళ మీద కూర్చోమనలేదు.
"శనివారం శనివారం ఒక రొట్టె ఇచ్చి రా.
ప్రేమించమని అననమ్మా, అది నీ చేతిలో లేదు.
రొట్టె ఉందిగా."

మిగిలింది ఆమే చెప్పింది, పిండి పిసుకుతూ,
నా వైపు చూడకుండా.
"మొదటి ఏడంతా మాడినవే.
కుక్కకు విసిరినట్టు గుమ్మంలోకి విసిరేదాన్ని.
తర్వాతి ఏడు ఎండినవి.
ఒక శ్రమల కాలంలో, చీకట్లో,
పొరబాటున మంచిది తీశాను.
మారుద్దామని వెనక్కి తిరిగాను.
మార్చలేదు."
"అంతేనా?"
"అంతే. దేవదూతలెవరూ పాడలేదు.
మోకాలు నొప్పిగా ఉండింది, తిరిగి రావాలనిపించలేదు."

ఇంకో జనవరిలో నీలం తలుపు తెరుచుకోలేదు.
భుజంతో తోసి లోపలికెళ్ళింది.
జ్వరం. కంపు. కొక్కేల్లా వంగి
పాదాల్లోకి దిగిన గోళ్ళు.
నీళ్ళు కాచింది. నానబెట్టింది.
గొర్రెల ఉన్ని కత్తిరించే కత్తెరతో
పదీ కత్తిరించింది.
ఆ నాలుగు పంక్తులు రాసిన చెయ్యి
దుప్పటి మీద వణుకుతూ ఉంది,
దాన్ని మాత్రం ఆ రోజు ముట్టుకోలేదట.

వర్లాం క్షమించమనలేదు,
ఆ రోజూ, ఆ తర్వాతా.
కళ్ళు తెరిచి ఒక్కటే అన్నాడు:
"నీ రొట్టెలో ఉప్పు చాలదు."
నవ్వొచ్చిందట ఆమెకు.
బక్కెట పట్టుకుని నవ్వుతూనే దిగొచ్చింది వీధంతా.
ఆ వారం నుంచి ఒక చిటికెడు పెంచింది.
అప్పట్నుంచీ ఊరంతా
ఆ ముసలాడి నాలుకకు సరిపోయే ఉప్పే తింటోంది,
ఎవరికీ తెలియదు.

మొన్న బుధవారం వర్లాంని పూడ్చాం.
మోసినవాళ్ళం ముగ్గురమే. నాలుగో కొమ్ము ఆమె పట్టుకుంది.

ఇవాళ శనివారం.
ముద్దలు లెక్కపెట్టాను: అరవై ఒకటి.
మరిచిపోయిందేమో అనుకున్నాను, పెద్ద వయసు కదా.
ఆ ఒక్కదాన్నీ గోడ నుంచి ఊడదీసి
గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టింది.
"ఎవరికి?"
కనుబొమ్మల్లేని ఆ ముఖం
మొదటిసారి చూస్తున్నట్టు నన్ను చూసింది.

ద్రాక్షతోట హద్దు రాయి దగ్గర
నేనూ మా అక్క ఎలిసో
మాటలు మానేసి మూడేళ్ళు.
ఈమెకు నేనెప్పుడూ చెప్పలేదు.

చొక్కా లోపల రొట్టె. పొట్ట చురుక్కుమంటోంది.
వంతెన మీద ఆగి ఒక కొస విరిచి తిన్నాను.
ఉప్పగా ఉంది.
ఇప్పుడిది కొస విరిగిన రొట్టె,
ఇది ఇస్తే ఏమనుకుంటుంది?
వెనక్కెళ్ళి వేరేది తెద్దామనుకున్నాను,
సగం దూరం వెళ్ళాను కూడా.

గేటు దగ్గర కుక్క
నన్ను ఇంకా మరిచిపోలేదు.
లోపల ఎవరో అంటున్నారు,
"ఎవరూ?"