గొంతుక్కూర్చున్న గుర్తు

పెరంబూరులో పునాది గోతిలో దొరికిందట.
పోలీసులు బియ్యం గోతంలో తెచ్చారు.

మూడు రోజులు నీళ్లల్లో నానబెట్టి
పళ్లు తోమే బ్రష్షుతో మట్టి వదిలించింది నేనే.
డాబా మీద ఆరబోస్తే కాకులొచ్చాయి,
ఏమీ మిగల్లేదని చూసుకుని పోయాయి.

ఇవాళ మూడో సంవత్సరం పిల్లలు.
కోదై మేడమ్ బల్ల మీది నీలం పట్టా చూపించి
"ఎవరో చెప్పండి" అన్నారు.
ఏమిటో చెప్పండి అని ఆవిడ ఎన్నడూ అనలేదు.

యాళిని తుంటి ఎముక గాడిలో బొటనవేలు పెట్టి ఆడించబోయింది.
వేలు కదల్లేదు. "మగ" అంది.
"మగ కావచ్చు అని రాయి.
ఆ 'కావచ్చు' బరువెంతో
బోనెక్కిన రోజు తెలుస్తుంది."

జెబరాజు తొడ ఎముకని కొలత పలక మీద పడుకోబెట్టాడు,
నిద్రపోయే పిల్లాణ్ణి దించినట్టు.
నలభై మూడున్నర.
లెక్క కడితే ఐదడుగుల నాలుగు, కాస్త అటూ ఇటూ.
కంటె ఎముక లోపలి కొస పూర్తిగా అతుక్కుంది,
ముప్పై దాటాడు.
దవడలో రెండు పళ్లు బతికుండగానే పోయాయి,
గుంటలు పూడి నున్నగా ఉన్నాయి.
ఎడమ ముంజేయి ఎప్పుడో విరిగి
చక్కగా అతికింది.
"పుత్తూరు కట్టు" అని నాలో నేను గొణిగింది
మేడమ్ చెవిన పడింది.
"అదీ రాసుకోండి" అన్నారు, నవ్వకుండా.

చీలమండ దగ్గర, ఎముక అంచున,
చిటికెన గోరంత నున్నటి మచ్చ.
"జబ్బా మేడమ్?" ఎవరో వెనక నుంచి.
"కాదు. గొంతుక్కూర్చున్న గుర్తు.
చిన్నప్పట్నుంచీ నేల మీద అలా కూర్చునేవాళ్లకి
ఎముకా ఎముకా ఒరుసుకుని పడుతుంది.
మీలో చాలామందికి ఉండదు."
పిల్లలు ఎవరి బూట్లు వాళ్లు చూసుకున్నారు.

నేను తలుపు పక్కన గొంతుక్కూర్చునే ఉన్నాను.
స్టూలుంది. ఇరవై ఆరేళ్లుగా ఉంది.
యాళిని నా పాదాల వంక చూసి
గబుక్కున కాగితంలోకి దిగిపోయింది.

గొంతు మన్నయిపోయినవాడికి
ఈ గొంతుక్కూర్చోవడం మిగిలింది.
సున్నం కలిపాడో, చేపలు కోశాడో,
కూలి కోసం చింతాద్రిపేట మూల మీద
తెల్లారేదాకా అలాగే కాచుకున్నాడో.
వ్యాసర్పాడి గుమ్మంలో
బీడీ కాలుస్తూ మా నాయన కూర్చునేవాడు.
ఆయన చీలమండ ఎవరూ చూడలేదు,
కాల్చేశాం.

క్లాసయింది. లెక్కపెట్టి పెట్టెలో సర్దుతున్నాను.
నూట తొంభై రెండు ఉండాలి, ఒకటి తక్కువ.
వేలి ఎముక బల్ల కిందికి దొర్లింది.
యాళిని ఆగిపోయింది, "నేను తీస్తానన్నా" అని
కోటు ఎగదీసుకుని వంగి కూర్చుంది.
మడమలు గాల్లో ఉన్నాయి.
"ఆన్చమ్మా నేలకి" అన్నాను.
ఆన్చబోయి వెనక్కి తూలి
ఒక చేత్తో బల్ల కాలు పట్టుకుంది,
రెండో చేతి గుప్పిట మాత్రం
విప్పలేదు.