పదిహేను సెంట్లు

నేల కొలత అనుకునేరు.
కాదు, చిల్లర.
ఒక పది, ఒక ఐదు.
వెల్మా ప్రిస్క్ పర్సులో వాటికోసమే
ఓ చిన్న జిప్పు అర ఉండేది.

అడిలైడ్‌లో, గ్రెన్‌ఫెల్ వీధిలో, మూడో అంతస్తు గదిలో
మధ్యాహ్నం రెండింటికి ఇళ్లు చేతులు మారేవి.
నిజంగానే చేతులు:
అమ్మేవాళ్ల గుమాస్తా చేతిలోంచి పట్టా
కొనేవాళ్ల గుమాస్తా చేతిలోకి.
బ్యాంకు మనిషి వేలు తడిచేసుకుని
చెక్కులు లెక్కపెట్టేవాడు.
కార్పెట్ మీద గొడుగుల నీళ్లు,
ఎవరిదో సగం తిన్న శాండ్‌విచ్,
సీలు పడ్డప్పుడల్లా ఊగే బల్ల.

చెక్కు పదిహేను సెంట్లు తక్కువైతే
నాలుగు లక్షల ఇల్లు అక్కడే ఆగిపోయేది,
ఎక్కడో సామాన్ల లారీ
ఇంజన్ ఆపకుండా ఎదురుచూస్తుండగా.
అప్పుడు వెల్మా జిప్పు లాగేది.
"ఇదిగో, మీ ఇల్లు" అనేది
రెండు నాణేలు బల్లమీద పెట్టి.
అవతలి గుమాస్తా రాడొవాన్ నవ్వేవాడు.
ఏ మంగళవారమో అతని నుంచి
అవే నాణేలు తిరిగొచ్చేవి.
అవేనని ఆమె నమ్మకం.

ఇప్పుడా గదిలో పళ్లు పీకుతారు.

ఇప్పుడంతా తెర. తెరలో నాలుగు గళ్లు:
అమ్మేవారు, కొనేవారు, చెరో బ్యాంకు.
సంతకం అంటే
కంప్యూటర్‌లో గుచ్చే చిటికెనవేలంత ముక్క,
దానికో రహస్య సంఖ్య.
మూల గడియారం వెనక్కి నడుస్తుంది.
వెల్మా ఫిర్యాదేం చేయదు. మోకాళ్లకి హాయి.
చెక్కు పోగొట్టుకుని ట్రామ్‌లో ఏడ్చిన
ఆ శుక్రవారం ఆమెకింకా గుర్తే.

ఈరోజు ఐనా కాల్నిన్యా వచ్చింది.
రానక్కర్లేదని ఫోన్లో రెండుసార్లు చెప్పారు,
దానంతటదే జరిగిపోతుందని.
ఎనభై ఎనిమిదేళ్లు, ఇస్త్రీ కోటు,
బుట్టలో గుడ్డ కప్పిన పీరాగీ రొట్టెలు, ఇంకా వెచ్చగా.
"నా ఇల్లు పోతుంటే నేను చూడొద్దా?" అంది.
కుర్చీ వేశారు.

పాత పట్టా కూడా తెచ్చింది.
మడత చిరిగినచోట
రైలు వర్క్‌షాపులో పనిచేసిన భర్త
పిండి జిగురుతో అతికించిన పట్టీ.
"ఇది మీకివ్వాలేమో?"
"అక్కర్లేదు. ఇప్పుడిది చెల్లదు."
అనేశాక వెల్మాకు నోరు చేదైంది.
ఐనా ఏమీ అనలేదు.
చెల్లిన రోజుల మడతల వెంటే
దాన్ని మళ్లీ మడిచింది.

రెండైంది. మూడు గళ్లు పచ్చబడ్డాయి,
నాలుగోది పడలేదు.
నీటిపన్ను లెక్కలో తేడా.
ఎంతో చెప్పనక్కర్లేదు.
వెల్మా చెయ్యి తనంతట తనే పర్సు దాకా పోయి
జిప్పు దగ్గర ఆగింది.
గాజుకి నాణెం ఎలా ఇస్తాం?

రెండూ ఐదు.
తెర అడుగున ఒక వాక్యం మొలిచింది,
పేరు లేదు, ఏ ఊరో తెలీదు,
బ్యాంకు తాలూకు ఎవరో:
"మా వైపు సరిచేస్తున్నా. ఒక్క నిమిషం."
ఆ మనిషి పర్సు ఎలా ఉంటుందో అనుకుంది వెల్మా.

రెండూ ఏడు.
"అయిపోయింది."
"ఎప్పుడు?"
"ఇప్పుడే."
"నాకేం వినబడలేదే" అంది ఐనా.

వెల్మా సొరుగు వెతికింది.
క్లిప్పుల కింద, ఎండిన పెన్నుల కింద
పాత సీలు దొరికింది.
పట్టా ఇమ్మని అడిగి
సీలు మీద నోటి ఆవిరి ఊది
గట్టిగా కొట్టింది.
కాగితం మీద ఏమీ పడలేదు.
చప్పుడుకి పక్క బల్లల వాళ్లు తలెత్తారు.

ఐనా కోటు గుండీలు పెట్టుకుంది.
రొట్టెలు అక్కడే వదిలింది,
పని చేసినవాళ్లందరికీ, నలుగురికీ.
గుమ్మం దగ్గర ఆగి
"బట్టలుతికే గదిలో కుళాయి
ఎడమకి తిప్పితేనే కట్టుపడుతుంది.
కొత్తవాళ్లకి చెప్పండి" అంది.

వెల్మా తెరవైపు తిరిగింది.
ఇది రాయడానికి
గడి ఎక్కడుందో
ఇంకా వెతుకుతోంది.