లాగి చూడు

టొలీడోలో ఫిబ్రవరి ఒకటో తారీకు.
పొద్దున్న ఏడు కూడా కాలేదు.
లొరెట్టా బూట్లకంటిన మంచు గుమ్మంలో దులిపి
పాలు, గుడ్లు, మొక్కజొన్న పిండి,
మనవడికి ఆపిల్ రసం డబ్బా
బుట్టలో వేసుకొచ్చింది.
ఆహార సాయం కార్డు గీసింది.
నాలుగంకెలు నొక్కింది.
మెషిన్ ఒక్క కూత కూసింది.

"మళ్ళీ గియ్యమ్మా" అన్నాను.
గీసింది.
కోటు అంచుతో నల్లగీత తుడిచి
మూడోసారి కూడా.

నిల్వ: పద్దెనిమిది సెంట్లు.

అర్ధరాత్రి పన్నెండూ నాలుగుకి
నెలకు సరిపడా తిండి ఆ కార్డులో పడిందట.
పన్నెండూ తొమ్మిదికి
ఎక్కడో మయామీ పక్కన, తనెన్నడూ చూడని ఊళ్ళో
పసిపిల్లల పాలపొడి డబ్బాలై వెళ్ళిపోయిందట.
ఐదు నిమిషాలు.
ఆవిడ నిద్రలో ఇటునుంచి అటు ఒత్తిగిలి ఉంటుంది, అంతే.

నన్నేమీ అనలేదు.
గుడ్లు తీసుకెళ్ళి ఎక్కడివక్కడ పెట్టింది.
పాలు పెట్టింది,
ఫ్రిజ్ తలుపు సరిగా పడిందో లేదో ఇంకోసారి నొక్కి చూసింది.
రసం డబ్బా దగ్గర మాత్రం
కాస్త ఆగింది.

ఆమె వెళ్ళాక చెయ్యి ఊరుకోలేదు.
మెషిన్ అంచు కింద గోరు పెట్టి లాగాను.

ఊడొచ్చింది.
అదే బూడిద రంగు, అవే మీటలు,
అడుగున ఈగ రెక్కంత పచ్చ పలక, దానికో బొత్తాం బ్యాటరీ.
కింద అసలు ముఖం,
ఐదో అంకె అరిగిపోయి, నా గోళ్ళరంగు మరక అంటుకుని.
ఆ మరక ఎప్పుడు మాయమైందో
నేనెందుకు అడగలేదు?
రోజూ నిమ్మవాసన మందు కొట్టి
అద్దంలా తుడిచింది దొంగనే.

నజీబ్ కెమెరాని వెనక్కి తిప్పాడు.
జనవరి పంతొమ్మిది, చీకటి పడే వేళ.
ఒకడు పై అరలో బ్యాటరీలు అడుగుతాడు.
నేను స్టూలెక్కుతాను.
ఇంకొకడు చిప్స్ పొట్లం చాటునుంచి
ముఖం తీసి ముఖానికి తొడుగుతాడు.
మూడు సెకన్లు.
తెర మీద నా వీపు, నా జడ,
స్వెటర్‌కి వేలాడే దారప్పోగు.
దిగొచ్చి నవ్వుతూ అడుగుతాను,
ఇంకేమైనా కావాలా అని.

"స్కిమ్మర్" అన్నాడు నజీబ్.
పాల మీది మీగడ తీసే గరిటెను కూడా అలాగే అంటారట.
మీగడ తీసినవాళ్ళు
పాలైనా మిగులుస్తారు కదా.

నా బ్యాంకు కార్డుకి ఇలా అయితే
ఒక ఫోను, ఒక ఫారం, పది రోజుల ఎదురుచూపు.
లొరెట్టా కార్డుకి చిప్ లేదు.
చిప్ లేని కార్డు చేతికి చిప్పే ఇచ్చింది.
డబ్బున్న ఇంటికి మూడు తాళాలు,
ఆకలున్న ఇంటికి గడియ కూడా లేదు.

ఇప్పుడు రెండు గంటలకోసారి లాగి చూస్తాను.
పెట్రోలు పోయించుకునే వాళ్ళకీ చెప్తాను,
కార్డు దూర్చేముందు ఆ మూతిని ఓసారి ఊపి చూడమని.
గాలికి దీపం ఆరకుండా చెయ్యడ్డం పెడతామే,
అలా పెట్టి అంకెలు నొక్కమని.
ఒకటో తారీకు ముందు రాత్రి
రహస్యపు అంకె మార్చుకోమని, వీలైతే ఫోన్లో కార్డుకి తాళం వేసుకోమని.
కొందరు నవ్వుతారు. ఒకాయన
"నీకు పిచ్చి పట్టిందా" అన్నాడు.
పట్టింది.

మార్చి ఒకటి.
లొరెట్టా వచ్చింది. బుట్ట కింద పెట్టింది.
నేను చెప్పకముందే
రెండు చేతులతో మెషిన్ని పట్టి గుంజింది.
వైర్లతో సహా కౌంటరు అంచుదాకా వచ్చింది గానీ
ముఖం ఊడలేదు.

తర్వాత నా ముఖంలోకి చూసింది,
అంచులెక్కడున్నాయో వెతుకుతున్నట్టు.
నేను కదల్లేదు.

కార్డు గీసింది.
చెయ్యడ్డం పెట్టింది,
నాకు కూడా కనబడకుండా.