ఊరూ పేరూ లేని లారీ

పేరు చెప్పను.
చెప్తే ఈ కవితకు కూడా
ఎవరిదో సంతకం కావాల్సి వస్తుంది.

లారీ అది.
చదును మొహం, రెండు గుండ్రటి దీపాలు,
మధ్యలో ఇనుప జాలీ
చెడ్డ కబురు విన్నవాడి పెదవిలా కిందికి వంగి.
త్రెబీచ్ అవతల పాత ఇనుము దొడ్డిలో
దురదగొండి పొదల మధ్య దొరికింది.
రెండు రోజులు, వానలోనే,
మూడువేల నూట నలభై ఫోటోలు తీశాం.
మిలాడ టేపు పట్టుకుంటే నేను కిందికి దూరాను.
నూనె చుక్క ఒకటి నా కనుబొమ్మ మీద పడింది.
పరుగు మానేసి ఎన్నేళ్లయిందో,
కారడం మాత్రం మానలేదు.

లుబోర్ గారిని పిలిపించాం.
ఇరవై రెండేళ్లు ఆ రకం బండే తోలిన మనిషి.
కొత్త బ్యాటరీ, సగం డబ్బా డీజిల్, బోలెడన్ని తిట్లు,
లేచింది.
మైకు ఒకటి సైలెన్సర్ దగ్గర, ఒకటి సీటు వెనక.
"ఆగండి, మూడో గేరు పడేటప్పుడు మూలుగుతుంది" అన్నాడు.
మూలిగింది.
ఆయన అద్దంలో ఏదో చూస్తున్నట్టు
తల తిప్పేసుకున్నాడు. అద్దం లేదక్కడ.

బ్ర్నోకి తిరిగొచ్చి నాలుగు నెలలు చెక్కాను దాన్ని,
మేకు మేకునా.

ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది. పేరు మాత్రం చావలేదు.
పేరును ఒకాయన కొన్నాడు, దివాలా తీశాడు,
బ్యాంకు పట్టుకుపోయింది,
బ్యాంకు నుంచి నీళ్ల పంపులు చేసే కంపెనీ ఒకటి కొంది.
దాని లాయరు ఏ కొండల వెనకో ఉంటాడు.
మా పావ్లీనా ఏడు ఉత్తరాలు రాసింది.
జవాబు ఒకటి: మీ విన్నపం అందింది.
చేతికి అందింది, చెవికి అందలేదు.

కొత్త బండ్లవాళ్లయితే పిలిచి మరీ ఇస్తారు,
చాంతాడంత ఒప్పందంతో.
క్రోమ్ ఛాయ ఇదే. అక్షరాల మధ్య ఎడం ఇంతే.
బురద పడొచ్చు, తుప్పు పట్టకూడదు.
గుద్దుకుంటే గుద్దుకోనీ, సొట్ట పడకూడదు.
అందుకే మా ఆటలో యూరప్ మొత్తం
నిన్ననే షోరూమ్ మెట్లు దిగినట్టుంటుంది.
ఈ దారుల్ని మొదట్నించీ
ఈ ఏడు కంపెనీలే తొక్కాయని
పిల్లలు నమ్ముతారు. నమ్మక ఏం చేస్తారు?

"ట్రాఫిక్‌లో పడెయ్" అంది పావ్లీనా చివరికి,
"మొహం మార్చెయ్. చూసినవాడు తడుముకోవాలి."
దీపాలు చతురస్రం చేశాను.
పెదవి పైకి లాగి నవ్వించాను.
పేరున్నచోట బోసి రేకు.
పేరుకు హక్కుదారుడున్నాడు, మొహానికున్నాడు.
మూలుగుకో?
అడిగితే వద్దంటారు.
అడగలేదు.
పదిహేడో నంబరు ట్రాఫిక్ బండి గొంతులో
ఆ మూడో గేరు పెట్టి
ఇంటికెళ్లే ట్రామ్ ఎక్కాను.

మార్చిలో ఫోను.
"వెందులా, హుంపోలెత్స్ ఎక్కుడు మీద
నా పక్కనుంచి ఒకటి పోయింది.
ముక్కూ మొహం తెలీదు, ఊరూ పేరూ లేదు."
"ట్రాఫిక్ బండేమోనండి."
"నడిరోడ్డు మీద ఆపేశాను. వెనక నాలుగు గుద్దాయి.
జరిమానా ఎంతేశారో తెలుసా మీవాళ్లు?"

మా ఆఫీసు గోడలు గాజువి.
పావ్లీనా ఇటే చూస్తోంది.
"ఏమోనండి" అన్నాను, మళ్లీ "ఏమో" అన్నాను.

"సరే, ఏమోలే" అన్నాడు.
ఫోను పెట్టేసే ముందు హారన్ రెండుసార్లు మోగింది.
ఆటలో కొట్టాడో,
నోటితో అన్నాడో.